పొద్దున్నే బయల్దేరితే వేంగి దాకా

కర్ణాటకలోని ఐహోళెలో మేగుటి గుట్ట మీద ఒక పాత జైన ఆలయం ఉంది. దాని గోడ మీద క్రీ.శ. 634లో రవికీర్తి అనే కవి వేయించిన శాసనం చాళుక్య చక్రవర్తి రెండో పులకేశి గెలిచిన యుద్ధాలను వరసపెట్టి చెబుతుంది. వాటిలో ఒకటి ‘కునాల’ అనే సరస్సు దగ్గర జరిగింది. ఆ సరస్సు నీళ్లు నెత్తురుతో ఎర్రబారాయని రవికీర్తి వర్ణించాడు. ఆ కునాలే మన కొల్లేరు అన్నది చరిత్రకారుల మాట. ఆ గెలుపు తర్వాత పులకేశి తన తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడిని తూర్పు తీరానికి పాలకుడిగా పెట్టాడు. క్రీ.శ. 624 ప్రాంతంలో అలా మొదలైన వేంగి చాళుక్య రాజ్యం నాలుగున్నర శతాబ్దాలు నిలిచింది.

విజయవాడ పిల్లలకు ఈ పేర్లన్నీ పాఠ్యపుస్తకంలోనే పరిచయం. పరీక్ష అయ్యాక మర్చిపోతారు. ఆ వేంగి తమ ఇంటి నుంచి గంటన్నర దారిలో ఉందనీ, ఆ యుద్ధం జరిగిన కొల్లేరు రెండు గంటల్లో చేరుకునే చోటనీ వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ.

చెన్నైలో ఉండే కుటుంబం ఆదివారం వస్తే కంచికో మహాబలిపురానికో బండి కడుతుంది. హైదరాబాద్ వాళ్లకు ఓరుగల్లు ఉంది, బీదర్ ఉంది. బెంగళూరు వాళ్లు శ్రీరంగపట్నం వెళ్లి రాత్రి భోజనాల వేళకు ఇంటికొచ్చేస్తారు. బెజవాడ వాళ్లను అడిగితే కొండపల్లి, అమరావతి, ఉండవల్లి అంటారు. అవి చూసేశాక అరకు గురించి మాట్లాడతారు. అరకుకు ఒక రోజు చాలదు కాబట్టి సెలవులు కలిసిరావాలి, అవి కలిసిరావు. ఆ ఆదివారం కాస్తా షాపింగ్ మాల్‌లో గడిచిపోతుంది.

నిజానికి నగరం నుంచి తూర్పు దిక్కున ఏలూరు, తాడేపల్లిగూడెం, ఆకివీడు, భీమవరం వరకు ఉన్న నేల ఒక్కరోజు ప్రయాణాలకు అన్ని విధాలా అనువైనది. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి ఒక పక్క, గుడివాడ మీదుగా భీమవరం వెళ్లే రైలుమార్గం ఇంకో పక్క. మధ్యలో కొల్లేరు. బెజవాడకూ కొల్లేరుకూ ఉన్న బంధం నగరవాసులకు 2024 సెప్టెంబరు మొదటి వారంలో బాగా తెలిసొచ్చింది. సింగ్‌నగర్ వీధుల్ని ముంచెత్తిన బుడమేరు చివరికి కలిసేది కొల్లేరులోనే. ఆ వరద నగరం నుంచి దిగుతుంటే అక్కడి లంక గ్రామాల్లో నీళ్లు పెరిగాయి.

మెట్టకు ఒక రోజు, డెల్టాకు ఒక రోజు

ఈ ప్రాంతానికి వెళ్లేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు అన్నీ ఒకే రోజులో చుట్టేద్దామనుకోవడం. ద్వారకా తిరుమల దర్శనం, గుంటుపల్లి గుహలు, కొల్లేరు పక్షులు, భీమవరం సోమేశ్వరుడు, పాలకొల్లు గోపురం అని కాగితం మీద రాసుకుంటే మ్యాప్‌లో దగ్గరగానే కనిపిస్తాయి. బయల్దేరాక రోజంతా కారులోనే గడుస్తుంది. మధ్యాహ్నానికి పిల్లలు వాంతులంటారు, మామ్మ మోకాళ్లు పట్టేశాయంటుంది, చూసిన గుళ్లలో ఏది ఏ ఊళ్లోదో సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు.

ఈ నేలకు సహజంగానే రెండు ముఖాలున్నాయి. జాతీయ రహదారికి ఎగువన మెట్ట: ఎర్రనేల, ఆయిల్‌పామ్ తోటలు, కోకో, గుట్టలు. దిగువన డెల్టా: వరిచేలు, కాలువలు, చేపల చెరువులు, కొల్లేరు. పెదవేగి, గుంటుపల్లి, ద్వారకా తిరుమల మెట్టవి. కైకలూరు, ఆకివీడు, భీమవరం, పాలకొల్లు డెల్టావి. ఒక ఆదివారం మెట్టకు వెళ్తే ఇంకో ఆదివారం డెల్టాకు వెళ్లాలి. రెండింటినీ ఒకే రోజుకు ఇరికిస్తే ఏదీ దక్కదు.

రెండో సూత్రం ఎండది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పగటిపూట రాతి గుట్టలెక్కడం పెద్దవాళ్లకు ప్రమాదం. పక్షులు కూడా చలికాలపు అతిథులే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్ని విధాలా మంచి కాలం. కార్తీక సోమవారాల్లో మాత్రం భీమవరం, పాలకొల్లు శివాలయాల్లో క్యూలు బారులు తీరతాయి. చిన్నపిల్లలున్నవాళ్లు ఆ రోజుల్ని వదిలేయడం మేలు.

దిబ్బల కింద రాజధాని

మెట్ట ప్రయాణానికి ఆరింటికల్లా విజయవాడ దాటాలి. హనుమాన్ జంక్షన్‌లో టిఫిన్ చేసి, ఏలూరు చేరి, అక్కడి నుంచి ఉత్తరంగా పన్నెండు కిలోమీటర్లు వెళ్తే పెదవేగి. ఇదే ఒకనాటి వేంగి. దీనికీ దెందులూరుకూ మధ్య నేలంతా ఆ నగరం పరిచి ఉండేదని చరిత్ర చదివినవాళ్లు చెబుతారు.

ఇక్కడ కోటలూ మేడలూ కనిపిస్తాయని ఆశపడి వస్తే నిరాశే మిగులుతుంది. దిబ్బలు, తవ్వకాల్లో బయటపడ్డ ఇటుక కట్టడాలు, విడివిడిగా కొన్ని శిల్పాలు, చుట్టూ తోటలు. అందుకే పెదవేగికి వెళ్లేముందు ఇంట్లో పెద్దవాళ్లు కాస్త చదువుకుని వెళ్లాలి. చెప్పేవాళ్లుంటే ఈ దిబ్బలే మాట్లాడతాయి. క్రీ.శ. నాలుగో శతాబ్దంలో ఉత్తరాది నుంచి దండెత్తి వచ్చిన సముద్రగుప్తుడు తన అలహాబాద్ స్తంభ శాసనంలో ‘వేంగి హస్తివర్మ’ను పేరుపెట్టి చెప్పుకున్నాడు. ఆ హస్తివర్మ శాలంకాయనుడు. ఆ వంశంవాళ్లు చిత్రరథస్వామి పేరుతో సూర్యుణ్ణి కొలిచారు, రాజముద్ర మీద నందిని పెట్టుకున్నారు. వాళ్ల తర్వాత విష్ణుకుండినులు, వాళ్ల తర్వాత చాళుక్యులు. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు యువాన్ చ్వాంగ్ ఆంధ్రదేశానికి వచ్చి, రాజధాని పేరు ‘పింగ్‌కిలో’ అని రాసుకున్నాడు. అది వేంగేనని పండితులు పోల్చారు.

పిల్లలకు చెప్పాల్సిన కథ ఇంకొకటి ఉంది. మహాభారతాన్ని తెనిగించడం నన్నయ చేత మొదలుపెట్టించిన రాజరాజ నరేంద్రుడు ఈ వేంగి చాళుక్య వంశంవాడే. ఆయన కొడుకు 1070లో ఏకంగా చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. తంజావూరు, గంగైకొండ చోళపురం వెళ్లి ఫొటోలు దిగి వచ్చే తెలుగు కుటుంబాలు ఆ సింహాసనం మీద కూర్చున్న ఒక చక్రవర్తి తాతముత్తాతల ఊరు ఏలూరు పక్కనే ఉందని తెలుసుకుంటే, పెదవేగి దిబ్బ దగ్గర అరగంట నిలబడటం వృథా అనిపించదు.

అరగంట, మహా అయితే ముప్పావుగంట. అంతకంటే పెదవేగిలో ఉంటే ఎండెక్కుతుంది. గుంటుపల్లి మెట్లు ఎండ ముదరకముందే ఎక్కాలి.

కామవరపుకోట దాటాక జీలకర్రగూడెం ఊరు వస్తుంది. ఏలూరు నుంచి నలభై కిలోమీటర్ల పైచిలుకు. ఊరి పక్క గుట్టల మీదే గుంటుపల్లి బౌద్ధ గుహలు. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దం నాటికే ఇక్కడ భిక్షువులు ఉన్నారు. ఇక్కడి శాసనం ఈ కొండను ‘మహానాగపర్వతం’ అంటుంది. కళింగను ఏలిన మహామేఘవాహన వంశపు రాజు సిరి సద పేరు కూడా ఇక్కడి రాతి మీద దొరికింది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం కాబట్టి పెద్దలకు టికెట్ ఉంటుంది. 15 ఏళ్లలోపు పిల్లలకు ఉండదు.

మెట్లెక్కి పైకి చేరాక నేరుగా గుండ్రటి చైత్యం దగ్గరకు వెళ్లాలి. బయట నుంచి చూస్తే గుట్ట పక్కకు ఒక ద్వారం, పైన లాడం ఆకారంలో తోరణం. లోపలికి అడుగుపెట్టి కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఒక నిమిషం ఆగాలి. అప్పుడు తల పైకెత్తితే పూరిగుడిసె కప్పులో వాసాలున్నట్టు రాతి పట్టీలు నడినెత్తి నుంచి చుట్టూ కిందికి దిగుతూ కనిపిస్తాయి. వాటిని అడ్డంగా కలిపే రాతి పట్టీలు కూడా ఉన్నాయి. ఈ బరువంతా మోస్తున్నది కొండే. వాసాలతో కప్పుకు పనేమీ లేదు. కొయ్యతో ఇళ్లు కట్టే పనివాళ్లు తమకు తెలిసిన కప్పునే రాతిలో తొలిచేశారన్నమాట. బిహార్‌లోని బరాబర్ కొండల్లో లోమస్ ఋషి, సుదామ గుహలకు దీన్ని చుట్టంగా చెబుతారు. మధ్యలో ఉన్న రాతి స్తూపాన్ని చుట్టుపక్కల ఊళ్ల జనం ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తున్నారు. పసుపు, కుంకుమ, పూలు కనిపిస్తాయి. పిల్లలు ‘ఇది బుద్ధుడిదా, శివుడిదా’ అని తప్పకుండా అడుగుతారు. రెండువేల ఏళ్లుగా ఈ రాయి పూజ అందుకుంటూనే ఉందని చెబితే చాలు.

ఇంకాస్త ముందుకు నడిస్తే కొండ అంచున వరసగా తొలిచిన విహారాలు, ఇటుకలతో కట్టిన చైత్యగృహం, పాత మండపం, అక్కడక్కడా గుంపులుగా మొక్కుబడి స్తూపాలు. ఈ స్తూపాలు పిల్లల ఎత్తులో ఉంటాయి కాబట్టి వాళ్లకు బాగా నచ్చే చోటు ఇదే. వాటి మీదకు ఎక్కనివ్వకూడదు. గోడల మీద పేర్లు గీకిన పెద్దమనుషులు మనకు చాలానే ఉన్నారు, కొత్తగా ఎవరూ అవసరం లేదు. మెట్లెక్కలేని పెద్దవాళ్లను కింద నీడలో ఒకరు తోడుండి కూర్చోబెడితే వాళ్లకూ సుఖం, పైకెక్కేవాళ్లకూ నిమ్మళం. మంచినీళ్లు, తినుబండారాలు వెంట తీసుకెళ్లాలి. కొండ మీద దొరుకుతాయన్న నమ్మకం పెట్టుకోవద్దు.

మధ్యాహ్నానికి ద్వారకా తిరుమల. గుంటుపల్లి నుంచి గంట లోపే. చిన్న తిరుపతిగా పేరున్న ఈ క్షేత్రంలో గర్భగుడిలో ఇద్దరు ధ్రువమూర్తులుంటారు. ఒకరు స్వయంభువు, నడుము పైభాగమే కనిపిస్తారు. పాదపూజ కోసం వెనక పూర్తి విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. అందుకే ఏడాదికి రెండుసార్లు, వైశాఖంలోనూ ఆశ్వయుజంలోనూ బ్రహ్మోత్సవాలు. ఇప్పుడు కనిపించే విమానం, మండపం, గోపురం, ప్రాకారం మైలవరం జమీందారు ధర్మా అప్పారావు కట్టించినవి. దేవస్థానం నిత్యాన్నదానం ఉంది కాబట్టి భోజనానికి వెతుక్కోనక్కర్లేదు. శనివారం మాత్రం ఈ కార్యక్రమం పెట్టుకోవద్దు, దర్శనానికే పూట గడిచిపోతుంది.

భీమడోలు దగ్గర హైవే ఎక్కితే చీకటి పడేసరికి విజయవాడ. ఓపిక ఉంటే ఏలూరులో ఒక గంట ఆగవచ్చు. గజ్జెలవారి చెరువులో 74 అడుగుల బుద్ధుడి విగ్రహం ఉంది. ఉన్ని తివాచీల నేత ఈ ఊరికి తెచ్చిన పేరు పెద్దది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు ఏలూరు తివాచీలు వెళ్లాయి. మగ్గం ముందు కూర్చుని ముడి ముడికీ దారం కత్తిరించే పనిని పదినిమిషాలు చూసే అవకాశం దొరికితే అసలు వదులుకోవద్దు.

గూడబాతులు తిరిగొచ్చిన చోటు

కొల్లేరుకు కారు అక్కర్లేదు. విజయవాడలో పొద్దున్నే భీమవరం వైపు వెళ్లే రైలెక్కి, గుడివాడ దాటాక కైకలూరులో దిగితే ఆటఫాక పక్షుల కేంద్రానికి ఆటోలో కాసేపే. పిల్లలకు రైలు ప్రయాణం కూడా విహారంలో భాగమే. కిటికీలోంచి వరిచేలు, ఆ తర్వాత వరిచేల చోట చేపల చెరువులు, వాటి గట్ల మీద కొబ్బరిచెట్లు. డెల్టా ఎలా మారిందో ఆ గంటన్నరలో కళ్లముందే తెలిసిపోతుంది.

ఆటఫాకలో అటవీ శాఖ చెరువు మధ్య ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. చెట్లు చాలని గూడబాతులు వాటి మీద గూళ్లు కట్టుకుంటాయి. పెలికాన్ అని పుస్తకాల్లో చదివిన పక్షి ఎంత పెద్దదో బోటులోంచి దగ్గరగా చూస్తేగానీ తెలియదు. గింగిరాలు తిరుగుతూ దిగి, నీళ్ల మీద కాళ్లతో జారి ఆగుతుంది. గూట్లో పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చి చేప తినడం చూసిన పిల్లలు ఇంటికెళ్లాక వారం రోజులు ఆ మాటే చెబుతారు. పక్కనే ఎర్రకాళ్ల కొంగలు. పొద్దున ఎనిమిదిలోపు వెళ్తే పక్షుల సందడి బాగుంటుంది. సాయంత్రం నాలుగు దాటాక మళ్లీ బాగుంటుంది. మధ్యలో ఎండ తప్ప ఏమీ ఉండదు.

ఈ గూడబాతుల వెనక ఒక పెద్ద కథ ఉంది. 1946లో మలయాళీ పక్షి పరిశోధకుడు కె.కె.నీలకంఠన్ కొల్లేరు ప్రాంతంలో గూడబాతులు పిల్లల్ని పెట్టే చోటును లోకానికి చూపించాడు. అప్పట్లో దాదాపు 3,000 పక్షులు అక్కడ గూళ్లు కట్టేవి. 1975 నాటికి ఆ కాలనీ కనిపించకుండా పోయింది. ఆ తర్వాత చేపల చెరువులు సరస్సు గర్భంలోకి పాకాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది, 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చెరువుల గట్లు కొట్టేశారు. ఆ గొడవ ఇప్పటికీ తేలలేదు. ఎత్తును సూచించే అయిదో కాంటూరు గీత దాకా సరస్సేనని ఒక మాట, తమ బతుకుతెరువు ఏంకావాలని లంక గ్రామాల్లో చేపలు పట్టే వడ్డీలది ఒక మాట. ఇన్ని ఆటుపోట్ల మధ్య గూడబాతులు ఆటఫాకలో మళ్లీ గూళ్లు కట్టాయంటే అది చిన్న విషయం కాదు. ఈ చెరువు గట్టున చిప్స్ ప్యాకెట్ పడేసే చెయ్యి ఎవరిదైనా పట్టుకుని ఆపాలి.

బోటెక్కేటప్పుడు ఒక్క మాట. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ ఎక్కకూడదు, పిల్లలైతే అసలు ఎక్కకూడదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదాన్ని తెలుగువాళ్లు మర్చిపోకూడదు. ‘లోతు లేదులెండి’ అని ఎవరన్నా వినొద్దు.

ఆటఫాక తర్వాత కొల్లేటికోట. ఇది సరస్సు నడుమ ఉన్న లంక. పెద్దింట్లమ్మ తల్లి గుడి ఇక్కడే. ఫాల్గుణ మాసంలో జాతరకు రెండు గోదావరి జిల్లాల నుంచీ కృష్ణా నుంచీ జనం తరలివస్తారు. అమ్మవారు జలదుర్గ. ఈ లంకలో ఒడ్డెరాజు లాంగూల గజపతి కోట ఉండేదనీ, శత్రుసేన చిగురుకోట దగ్గర విడిది చేసి సరస్సు నీళ్లను సముద్రంలోకి వదలడానికి కాలువ తవ్విందనీ, శత్రువుల మీద గెలుపు కోసం ఒడ్డె సేనాని కన్నకూతుర్నే బలిచ్చాడనీ ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ కాలువను ‘పేరంటాల కనమ’ అంటారు. కథ నిజమో కాదో గానీ కొల్లేరు నీళ్లు సముద్రానికి పోయే దారి నేటికీ ఒక్కటే, అది ఉప్పుటేరు.

ఆ ఉప్పుటేరును చూడాలంటే ఆకివీడు వెళ్లాలి. కైకలూరు నుంచి రైల్లోనైనా, పామర్రు–పాలకొల్లు జాతీయ రహదారి మీదైనా కాసేపట్లో చేరిపోవచ్చు. వంతెన మీద ఆగి చూస్తే పాత కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల సరిహద్దు కాళ్ల కిందే పారుతుంటుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చిన నీళ్లన్నీ ఈ ఒక్క పాయలోంచే బంగాళాఖాతానికి వెళ్లాలి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఉప్పునీరు ఎదురెక్కుతుంది. బెజవాడ ముంపు గురించి, కొల్లేరు కాలుష్యం గురించి టీవీలో గంటలకొద్దీ విన్న విషయం ఇక్కడ అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది.

ఆకివీడు పర్యాటక కేంద్రం కాదు, పనిచేసే ఊరు. ఐస్ గడ్డలు మరలో పడి పిండవుతుంటే, బొచ్చె, శీలావతి చేపల్ని ట్రేలలో ఐసుతో పొరలు పొరలుగా సర్ది లారీలకెక్కిస్తుంటారు. వాటిలో చాలా లారీలు బెంగాల్, అస్సాం దారి పడతాయి. దూరంగా నిలబడి, పనివాళ్లకు అడ్డం రాకుండా, అడిగి చూడాలి. చారిత్రక పట్నాలు చూడటానికి వచ్చి చేపల మార్కెట్ ఏమిటని అనుకోనక్కర్లేదు. మధ్యాహ్నం భోజనంలో కొర్రమేను పులుసో రొయ్యల ఇగురో దొరికితే ఆ ప్రశ్న కూడా మిగలదు.

పొద్దు ఇంకా ఉంటే అరగంటలో భీమవరం. గునుపూడిలో పంచారామాల్లో ఒకటైన సోమారామం ఉంది. చంద్రకళలను బట్టి లింగం రంగు మారుతుందని ప్రతీతి. సోమేశ్వరుడి గర్భగుడి పై అంతస్తులో అన్నపూర్ణమ్మ కొలువుంది. ఇలాంటి కట్టడం అరుదు. పాలకొల్లు క్షీరారామం తొమ్మిదంతస్తుల గోపురం కోసం మాత్రం ఇంకో రోజు కేటాయించడమే న్యాయం. తాడేపల్లిగూడెం వైపు చుట్టాలున్నవాళ్లు అక్కడి రెండో ప్రపంచయుద్ధం నాటి విమాన రన్‌వే చూసి రావచ్చు.

ఇంటికి తిరిగి రావడానికి భీమవరం నుంచి విజయవాడకు సాయంత్రం రైళ్లున్నాయి. వేళలు ముందురోజే చూసుకుని, చివరి రైలు మీద కాకుండా దానికి ముందుదాని మీద ఆశ పెట్టుకుంటే పిల్లలతో పరుగులు తప్పుతాయి.

ఇంత సంపద ఇంత దగ్గర్లో ఉన్నా జనం రాకపోవడానికి కారణాలు పెద్దవేమీ కావు. పెదవేగి దిబ్బ దగ్గర హస్తివర్మ ఎవరో, కుబ్జ విష్ణువర్ధనుడు ఎవరో తెలుగులో చెప్పే నాలుగు బోర్డులు కావాలి. గుంటుపల్లిలో ఊరి కుర్రాళ్లకు శిక్షణ ఇస్తే వాళ్లే గైడ్లవుతారు, వాళ్లకూ నాలుగు డబ్బులు దొరుకుతాయి. దారిలో ఆడవాళ్లు ధైర్యంగా వెళ్లగలిగే మరుగుదొడ్లు కావాలి. అన్నిటికంటే ముందు కారు లేని కుటుంబానికి ఒక బస్సు కావాలి. కార్తీక మాసంలో పంచారామాలను ఒక్కరోజులో చూపించి తీసుకొచ్చే ప్రత్యేక బస్సులు నడపడం ఆర్టీసీకి బాగా తెలిసిన పనే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ప్రతి ఆదివారం విజయవాడ బస్టాండ్ నుంచి పెదవేగి, గుంటుపల్లి, ద్వారకా తిరుమల మీదుగా అలాంటి బస్సు ఒకటి వేయాలి. ఈ శీతాకాలానికే వేయాలి.